కాలువ కట్టల మీది ఆదివారములు

కృష్ణా పశ్చిమ డెల్టాలో బాటలు పుట్టిన తీరు వేరు. ఇతర సీమలలో మనుషులు నడువగా నడువగా బాట ఏర్పడును. ఇచ్చట నీటిని నడపుటకై త్రవ్విన మన్ను బాటయైనది. ఆర్థర్ కాటన్ దొర సంకల్పించి పోరాడి సాధింపగా, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణమున 1852లో ఆరంభమై 1855లో పూర్తియైన బెజవాడ ఆనకట్ట నుండి, సీతానగరము ప్రక్కగా బయలుదేరిన ప్రధాన కాలువ దుగ్గిరాల చేరి, అచ్చట శాఖోపశాఖలై, తెనాలి, బాపట్ల, రేపల్లె తాలూకాల మాగాణము నంతటిని తడుపుచు సముద్రాభిముఖముగా సాగిపోవును. ఆ కాలువలకు ఇరువైపుల ఎత్తుగా పోసిన మన్నే కట్టలు. వానలు పడి, కాలువలకు నీరు వదలిన నాటి నుండి వరికోతల దాక చేలు నీటిలోను, ఊరి డొంకలు మోకాటిలోతు బురదలోను ఉండుట సహజమగుటచే, కాలు తడవకుండ మనుషుని ఊరి నుండి ఊరికి చేర్చగల బాట కాలువ కట్ట యొక్కటియే అయ్యెను. లస్కర్లు దాని మీద సైకిళ్లపై తిరిగిరి, ఇంజనీర్లు గుఱ్ఱములపైని, పిదప జీపులలోను తిరిగిరి, పెండ్లివారు నడచిరి. ఆ తరువాత కొంతకాలము, పని యేమియు లేకున్నను కేవలము చూచుటకై, మోటారు సైకిళ్ల మీద మేమును తిరిగితిమి.

ఆ కొంతకాలమును గూర్చియే ఈ నాలుగు మాటలు. ఉజ్జాయింపుగా 1960 తరువాత మొదలై 1985 నాటికి సన్నగిలిన ఒక జీవనవిధానము అది. ఎన్‌ఫీల్డు బుల్లెట్టు మద్రాసులో 1955 ప్రాంతముల నుండి తయారగుచుండెను. మైసూరున ఐడియల్ జావా కర్మాగారము 1960లో ఏర్పడినది. 1962లో ఎస్కార్ట్సువారి రాజ్‌దూత్ వచ్చినది. ఈ మూడు బండ్లే మా యెరుకలోని లోకము. తూర్పు కాలువ, పడమటి కాలువ, నిజాంపట్నం కాలువ యను మూడు కాలువలు ఊరి నడుమ పారు తెనాలిలో, ఒక పేటలో మోటారు సైకిలున్న గృహస్థులు వ్రేళ్ల మీద లెక్కింపదగినంతమంది. ధాన్యము వర్తకులు, బియ్యపు మిల్లుల భాగస్తులు, నాలుగెకరములు మిగులు గల రైతులు, ఎవరో యొక డాక్టరు, అరుదుగా ఒక మాస్టారు. వారమంతయు ఆ బండ్లు ధాన్యపు బేరములకు, బ్యాంకు పనులకు తిరిగెడివి. ఆదివారమున మాత్రము అవి యజమానులకు విడుదలైనట్లు, యజమానులు వానికి విడుదలైనట్లు ఉండెడిది.

మా బాబాయిగారు మిల్లులో భాగస్తులు, వారిది బుల్లెట్టు. దానిని లేవదీయుట ఒక క్రమము గల కార్యము. మొదట కార్బ్యురేటరు మీది చిన్న మీటను వ్రేలితో నొక్కి పెట్రోలు పైకి చెమర్చువఱకు ఉంచవలెను. పిదప హేండిలు ఎడమవైపున నున్న డీకంప్రెషను మీటను పట్టి, కిక్కు రాడ్డును మెల్లమెల్లగా దించుచు, హెడ్‌లైటు మీద నుండు అమ్మీటరు ముల్లు నట్టనడుమకు వచ్చు క్షణమును కనిపెట్టి, అప్పుడు మీట విడిచి, కాలి బలమంతయు ఒక్కసారిగా వేయవలెను. ముల్లు నడిమికి రాకుండ తొందరపడి కొట్టినచో రాడ్డు తిరుగ తన్నును, చీలమండ వాచిపోవును. బాబాయిగారు పంచె పైకి దోపుకొని, ఊపిరి బిగించి, ముల్లు వైపు చూచునపుడు ఇంటిల్లిపాదియు అరుగు మీద నిశ్శబ్దముగా నిలిచెడివారు. బండి అందుకొన్నంతనే పిన్ని టిఫిను క్యారియరు తెచ్చి వెనుక కూర్చున్న నా చేతికిచ్చెడిది. అందులో పులిహోరయు, పెరుగన్నమును, ప్రత్యేకముగా ఒక గిన్నెలో మాగాయయు ఉండెడివి. వీధి చివర జావా మీద మాస్టారును, రాజ్‌దూత్ మీద పశువుల డాక్టరుగారును కలియగా, మూడు బండ్ల శబ్దము మూడు విధములుగా వినబడుచు, బయలుదేరెడివారము.

గంటకు ఇరువది మైళ్లకు మించి కట్ట మీద పోవుట అసాధ్యము. అది మట్టి బాట; ఎండకాలమున దుమ్ము, వానకాలమున జారుడు; బండి చక్రములు కోసిన గాళ్లు రెండు, నడుమ గడ్డి మొలచిన వీపు ఒకటి. మోటారు సైకిలు పోదగినది ఆ నడిమి వీపు మీదనే. ఒక ప్రక్క నీరు, ఒక ప్రక్క పది పండ్రెండడుగుల పల్లములో చేను. తుమ్మలు, గానుగలు, నిద్రగన్నేరులు నీడ వేయుచుండును. ఈ నిదానము వలన మాకు కలిగిన లాభము నేను నేటికిని మరువలేనిది. కారులో పోవువాడు ఊళ్లను చూచును గాని ఊళ్లు వానిని చూడవు. కట్ట మీద మెల్లగా పోవు మోటారు సైకిలుమీది మనుషుని ప్రతి రేవులోని చాకలియు, ప్రతి తూము కడనున్న లస్కరును, గేదెలను తోలుకొనిపోవు ప్రతి పిల్లవాడును చూచి, పలుకరించి, కావలసినచో ఆపి, రెండు ప్రశ్నలడిగి, త్రోవ చెప్పి పంపుదురు. నాలుగు ఆదివారములలో ఆ కట్ట మీది జనమంతయు మాకు పరిచితులైరి.

కొమ్మమూరు కాలువ మీద ఆనాటికి పడవలు ఇంకను పూర్తిగా నశింపలేదు. దుగ్గిరాల నుండి సంగం జాగర్లమూడి మీదుగా పెదగంజాము వఱకు పోయి, అచ్చట బకింగ్‌హామ్ కాలువతో కలియుట వలన, ఈ జలమార్గమున బెజవాడ ప్రాంతము నుండి మద్రాసు దాక సరకు పడవ మీద పోగలిగిన కాలమొకటి ఉండెను. లారీలు వచ్చిన పిదప ఆ దూరప్రయాణములు తగ్గినను, ధాన్యము బస్తాలు, సరుగుడు కట్టెలు, ఉప్పు, తాటాకులు మోయు పడవలు మా చిన్ననాట కనబడుచునే యుండెను. గాలి అనుకూలముగా నున్నప్పుడు తెరచాప. లేనప్పుడు మనుషులే కట్ట మీద నడచుచు త్రాటితో లాగెడివారు. త్రాడు కొయ్యకు కట్టి, కొయ్యను ఱొమ్మున కడ్డముగా పెట్టుకొని, శరీరమును నేల వైపునకు వంచి, అడుగు తరువాత అడుగు లెక్కపెట్టినట్లు వేయుచు పోవుదురు. వెనుక నుండి బండి శబ్దము వినబడగానే చివరివాడు చేయి యెత్తి, "ఆగండి బాబూ, తాడు తప్పించనీయండి!" అని కేకవేయును. మూడు బండ్లును ఆగవలసినదే. ఒకమారు నేను విసుగుకొనగా బాబాయిగారు ఇంజను ఆపివేసి, "తొందరేముందిరా అబ్బాయ్! ఈ కట్ట వాళ్లది. మనం చుట్టాలం, అంతే" అనిరి. త్రాటిని బండ్ల మీదుగా ఎత్తి దాటించి, వారు మరల వంగి నడువసాగిరి. ఒకని భుజము మీద త్రాడు ఒరసి కాయకాచి, నల్లబడి, తోలువలె నుండెను.

దుగ్గిరాల లాకుల కడ పడవ దాటుట చూచుటకు ఆగని ఆదివారము లేదు. పల్లపు నీటి నుండి వచ్చిన పడవ రాతి గోడల నడుమకు చేరగానే వెనుక తలుపులు మూసెదరు. లస్కరు ముందు తలుపులోని చిన్న కవాటమును గొలుసుతో ఎత్తును. నీరు సుళ్లు తిరుగుచు లోనికి చొచ్చును. పడవ ఎవరును తోయకయే, ఎవరును లాగకయే, గోడ మీది నాచుపట్టిన రాళ్లను ఒక్కొక్క వరుసగా దాటుచు మీదికి తేలును. లోన వెలుపల నీటిమట్టములు సమమైన క్షణమున, అంతకు మునుపు పదిమంది తోసినను కదలని తలుపులు ఇద్దరు దూలము పట్టి నడువగానే తెరచుకొనును. మాస్టారు భౌతికశాస్త్రము బోధించువారు. తమ విద్యార్థులను తరగతివారీగా ఇచ్చటికి తీసికొనివచ్చి నిలుపవలెనని వారు ఎన్నియో మారులు అనిరి; తుదకు తీసికొనివచ్చిరి కూడ.

పొన్నూరు మీదుగా బాపట్ల పోవు త్రోవ మాకు మిక్కిలి ప్రియమైనది. అప్పికట్ల వచ్చునప్పటికి మాస్టారు బండి వేగము తగ్గించెడివారు. అది తుమ్మల సీతారామమూర్తి చౌదరిగారు నివసించిన గ్రామము. అభినవ తిక్కనయని లోకము కొనియాడిన ఆ కవి నడచు బాటలో ఇంజను రొద సాధ్యమైనంత తక్కువగా ఉండవలెనని మాస్టారి పట్టుదల. బాపట్లలో భావనారాయణస్వామిని దర్శించి, ప్రాకారపు నీడలో కొంతసేపు కూర్చుండి, 1913లో ప్రథమాంధ్ర మహాసభ జరిగిన ఊరిది అని పెద్దలు చెప్పుకొను మాటలు వినుచు, ఎండ తగ్గినంతట సూర్యలంక వైపు మరలెడివారము. ఐదారు మైళ్ల ఆ త్రోవలో నల్లనేల మెల్లగా ఇసుకగా మారుట కంటితో కాక చక్రముతో తెలిసెడిది. హేండిలు తేలిపోవును; వెనుక చక్రము కూరుకొనును; చివరి ఫర్లాంగు బండ్లను సరుగుడు తోట మొదట నిలిపి నడువవలెను. సముద్రపుటొడ్డున జాలరుల వలలు, తెప్పలు తప్ప మఱి యేమియు లేదు. నేటి సూర్యలంకను చూచిన పిల్లలకు ఆనాటి ఏకాంతమును వర్ణించి నమ్మించుట కష్టము.

తూర్పుదిక్కునకు పోవు ఆదివారములు వేరు రుచి గలవి. వేమూరు, భట్టిప్రోలు, రేపల్లె, పెనుమూడి. భట్టిప్రోలు దిబ్బ కడ ఆగి తీరవలెను. 1892లో అలెగ్జాండర్ రే త్రవ్వించినప్పుడు ఇచ్చట దొరకిన ధాతుకరండములపైని బ్రాహ్మీ అక్షరములు తెలుగునేలపై లభించిన అతిప్రాచీన లేఖనములలోనివి. కుబీరకుడను రాజు పేరు మనకు తెలిసినది వాని వలననే. అయితే త్రవ్వకములకు పూర్వమే ఆ మహాస్తూపపు ఇటుకలు రోడ్డు పనులకును, చలువరాళ్లు కాలువ కట్టడములకును తరలిపోయినవి. ఏ కాలువలు మాకు అన్నము పెట్టినవో, ఏ బాటలు మాకు ఆనందము నిచ్చినవో, వాని క్రింద బుద్ధభగవానుని స్తూపము కొంత నలిగియున్నదను సంగతి మొదటిమారు మాస్టారి నోట విన్ననాడు నేను చాలసేపు మాటాడలేకపోతిని. నేటికిని ఆ త్రోవన పోవునప్పుడు అది నా మనస్సును కలచును.

పెనుమూడి రేవు కడ కృష్ణ సముద్రసామీప్యమున మిక్కిలి వెడల్పై యుండును. అవతలి గట్టు పులిగడ్డ. ఆ వైపున మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడు. వంతెన లేని ఆ దినములలో మనుషులు, మేకలు, సైకిళ్లు, అరటి గెలలు, పెండ్లికూతుళ్లు అందరును పడవ మీదనే. మోటారు సైకిలును ఎక్కించుటకు రెండు పలకలు ఏటవాలుగా వేసి, ఒకడు ముందు చక్రము కడ, ఇద్దరు వెనుక, పట్టి తోసెడివారు. "హేండిల్ వదలకు అబ్బాయ్, బ్రేకు ముట్టుకోకు!" అని సరంగు అరచును. పడవ మధ్యలో బండిని నిలువబెట్టి, రెండు ప్రక్కల త్రాళ్లు బిగించి, పెట్రోలు కుళాయి కట్టివేయగా, బండిని ఆనుకొని యెవరో ఒక అవ్వ తన బుట్టతో కూర్చుండిపోవును. నది నడుమ ఇసుక మేటలను తప్పించుటకు గెడవేయుచు వంకరటింకరగా పోవుటచే చాలసేపు పట్టెడిది. అవతలికి చేరునప్పటికి పడవలోనివారందరి ఊళ్లు, గోత్రములు, వ్యాజ్యములు, సంబంధములు మాకు తెలిసెడివి, మావి వారికిని తెలిసెడివి.

నిజాంపట్నము దాక పోవుట తక్కువ. త్రోవ ఉప్పునేలల గుండ పోవును, మంచినీరు దొరకదు. కాని 1611లో గ్లోబ్ అను ఓడలో వచ్చిన ఆంగ్లేయ వర్తకులు ఈ తీరమున కాలుమోపి, పెటపోలి యని వ్రాసికొన్న రేవు ఇదియేనని తెలిసి, ఆ వేడిగాలిలో రేవు చూచి వచ్చుట ఒక తృప్తిగా నుండెడిది.

ఈ ప్రయాణములకు ఋతువే పంచాంగము. శ్రావణ భాద్రపదములలో కట్టకు ఇరుప్రక్కల పచ్చదనము తప్ప వేరు రంగు లేదు. మార్గశిరమున తెల్లవారుజామున మంచు కాలువ మీద దట్టముగా నిలిచి, లైటు వేసినను పది గజములు కనబడక, ముందు మాస్టారి జావా శబ్దమును బట్టి వెనుక వచ్చెడివారము. ఆ నెలలోనే, ఇంకను కోయని వరిచేనిలో రైతులు మినుములు చల్లుచుందురు; వరి కోసి యెత్తునప్పటికి మినుప మొలక నేలను కప్పియుండును. మాగాణి మినుము అను ఈ సేద్యపు నేర్పును కట్ట మీద నిలిచి చూచినవారికి గాని దాని విలువ తెలియదు. కుప్పనూర్పిళ్ల కాలమున కట్టయే కళ్లము. ఆరబోసిన గడ్డి చెయినులో చుట్టుకొని బండి నిలిచిపోయినచో, కళ్లములోని వారే కొడవలితో వచ్చి కోసి తీసెడివారు. దుగ్గిరాల చుట్టుప్రక్కల పసుపు ఉడుకబెట్టు పొయ్యిల పొగ, చైత్ర వైశాఖములలో తాటిముంజెలు, జంపని చక్కెర కర్మాగారమునకు పోవు చెఱకు బండ్లు... ఇట్లు వ్రాయుచుపోయిన అంతముండదు.

ఒక్క సంగతి మాత్రము వ్రాయక విడువలేను. ఎండలో కట్ట దిగి యే యింటి ముందు నిలిచినను, "ఎవరి తాలూకు నాయనా మీరు? ఎండన పడి వచ్చారు, కాసిని మజ్జిగ తాగి వెళ్లండి" అను మాట వినబడెడిది. కులము, ఊరు, పని అడుగుదురు. అందలి మంచిచెడ్డలు నాకు తెలియనివి కావు, అన్ని వాకిళ్లును అందరికి ఒక్కతీరున తెరువలేదనియు నేనెఱుగుదును. మాకు తెరచిన వాకిళ్లు మాత్రము మా చేతికి చెంబు ఇచ్చిన తరువాతనే ప్రశ్నలడిగినవి. ఆ చల్లదనమును నేను ఋణముగా భావించెదను.

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన ఈ లోకమును ఒక్క దినములో మార్చివేసినది. కృష్ణ అవతలి దివిసీమలో వేలాదిమంది ప్రాణములు కోల్పోయిరి. ఇవతలి గట్టున బాపట్ల, రేపల్లె తీరగ్రామములును చెప్పనలవి కాని దుఃఖము ననుభవించినవి. కట్ట మీది చెట్లు వరుసలు వరుసలుగా నేలకూలెను. జీపులు చొరలేని త్రోవలలో మోటారు సైకిళ్లు పోగలిగినవి గనుక, తెనాలిలో ఇంటింట వండిన పులిహోర పొట్లములు గోనెసంచులలో కట్టుకొని, పడిన చెట్ల మీదుగా బండ్లను చేతులతో ఎత్తి దాటించుచు మావారు పోయిరి. మేము విలాసమునకై నేర్చిన త్రోవలు ఆనాడు అక్కఱకు వచ్చినవి. ఎవరి గుడిసె ఏ తూము ప్రక్కనో ఎఱుగుదుము. చాలచోట్ల తూము ఉన్నది, గుడిసె లేదు. ఆ పిమ్మట కొన్ని నెలలు బాబాయిగారు ఆదివారము బండి తీయలేదు.

తక్కిన మార్పు మెల్లగా జరిగినది. పల్లెపల్లెకు తారురోడ్డు వచ్చినది, బస్సు వచ్చినది. 1985 ప్రాంతమున నూరు సీసీల జపాను బండ్లు వచ్చి, అమ్మీటరు ముల్లు కొరకు ఊపిరి బిగించు అవసరమును తొలగించి, మోటారు సైకిలును సామాన్యుని యింటికి చేర్చినవి. అది మేలు. పెనుమూడి పులిగడ్డల నడుమ వంతెన వచ్చుటయు మేలే. రాత్రివేళ పురిటినొప్పులతో రేవున పడవ కొరకు వేచిన తల్లుల సంగతి తెలిసినవాడెవడును ఆ పడవ మరల రావలెనని కోరడు. నేడు 216వ జాతీయ రహదారి ఆ వంతెన మీదుగా రేపల్లె, బాపట్లల వైపు సాగి, మా దినమంత ప్రయాణమును రెండు గంటలకు కుదించినది.

కాని మేలు పొందుటకు కట్టలను పోగొట్టుకొనవలసిన అగత్యము లేదు. కొమ్మమూరు కాలువ యనేక తావుల గుఱ్ఱపుడెక్కతో నిండియున్నది; ఊళ్ల కడ చెత్త కాలువలోనికి దొరలుచున్నది; కట్ట మీద పాకలు, కొట్లు, పశువుల దొడ్లు వెలసి, చాలచోట్ల మనిషి నడచుటకును దారి లేదు. 2008లో కేంద్రప్రభుత్వము కాకినాడ నుండి పుదుచ్చేరి వఱకు గల కాలువలను కృష్ణా గోదావరీ నదీభాగములతో కలిపి 4వ జాతీయ జలమార్గముగా ప్రకటించినది. అందులో కొమ్మమూరు కాలువయు ఒకటి. ఆ వార్త పత్రికలో చదివిననాడు మాస్టారు, అప్పటికే కన్ను సరిగా కనబడని వయస్సులో, నాకు కబురంపి పిలిపించి రెండుమారులు బిగ్గరగా చదివించుకొనిరి. పడవను మాత్రము వారు మరల చూడలేదు.

కనుక నీటిపారుదల శాఖవారికి నా విన్నపమిది. కాలువలకు కాంక్రీటు పూతలు వేయునప్పుడు, పూడికలు తీయునప్పుడు, ఒక మోటారు సైకిలు, ఒక ఎడ్లబండి ప్రక్కప్రక్కన పోవునంత కట్టను చెక్కుచెదరనీయక కాపాడుడు. దాని వెంబడి తుమ్మయో, గానుగయో, వేపయో నాటింపుడు. దుగ్గిరాల లాకుల వంటి పాత కట్టడములను పడగొట్టక మరమ్మతు చేయింపుడు. ఆదివారము సూర్యలంకకు పోవు యువకులకును ఒక్క మాట. పోవునప్పుడు రహదారిపై పొండు. తిరిగి వచ్చునప్పుడు, ఎండ తగ్గిన పిదప, అప్పికట్ల దాటి కట్ట యెక్కి, వేగము తగ్గించి రండు. త్రోవ తెలియనిచో తూము కడనున్న లస్కరు నడుగుడు, చెప్పును.